టవర్ లేని ఎయిర్‌పోర్టు: ఏ దారిన వచ్చి వరసలో కలిస్తే మేలు?

అమెరికాలో చాలా చిన్న ఎయిర్‌పోర్టులకు కంట్రోల్ టవర్ ఉండదు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది పైలట్లే రేడియోలో చెప్పుకుని, కళ్లతో చూసుకుని తేల్చుకోవాలి. రేడియో లేని విమానం కూడా రావచ్చు, దానికి రూల్స్ ఒప్పుకుంటాయి.

నా ఓటు 45 డిగ్రీల దారికే. అంటే, దిగేముందు విమానాలు రన్‌వే చుట్టూ వరసగా తిరిగే దారిలో (సర్క్యూట్) రన్‌వేకి సమాంతరంగా సాగే భాగమైన డౌన్‌విండ్ మధ్యలోకి, సాధారణంగా నేల నుంచి 1000 అడుగుల ఎత్తున, 45 డిగ్రీల కోణంలో పక్కనుంచి వచ్చి కలవడం. ఎత్తు ముందే సరిచేసుకుంటాం కాబట్టి ఎవరి నెత్తిన దిగుతామో అన్న టెన్షన్ ఉండదు. వరసలో ఉన్నవాళ్లు ముందు అద్దంలోంచే కనిపిస్తారు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ సిఫార్సు కూడా ఇదే.

చిక్కల్లా రన్‌వేకి అవతలి వైపు నుంచి వచ్చినప్పుడే. అప్పుడు వరస ఎత్తు కన్నా 500 అడుగులు పైన రన్‌వే మధ్యగా దాటి, డౌన్‌విండ్‌ని బాగా దాటాక కిందికి దిగి, చుట్టు తిరిగి 45కి రావచ్చు. దాటేటప్పుడు గాలి దిశ చూపించే గుడ్డ గొట్టం, అదే విండ్‌సాక్, చక్కగా కనిపిస్తుంది. కానీ ఎడమ సర్క్యూట్‌లో, అంటే మలుపులన్నీ ఎడమకే ఉండేదాంట్లో, 45కి వచ్చే ఆ మలుపు మాత్రం కుడికి తిరగాలి. సెస్నా 172లాంటి రెక్క పైన ఉండే విమానంలో, వంగిన కుడి రెక్క సరిగ్గా ఎయిర్‌పోర్టునే కప్పేస్తుంది. అందుకే తిరిగే ముందే ఓసారి అటు చూసుకోవాలి.

లేదంటే 1000 అడుగుల్లోనే దాటి నేరుగా డౌన్‌విండ్‌లోకి తిరిగిపోవచ్చు. టైమ్ కలిసొస్తుంది. అయితే 45లోనో డౌన్‌విండ్‌లోనో ఎవరున్నా దారి వాళ్లదే. ఖాళీగా ఉన్న పొద్దుటిపూట నాకు ఇదే ఇష్టం, ఆదివారం రద్దీలో మాత్రం వద్దు.

ఇక సర్క్యూట్ తిరగకుండా దూరం నుంచే నేరుగా ఫైనల్‌కి, అంటే రన్‌వేకి ఎదురుగా దిగే చివరి భాగానికి రావడం. నిషేధమేమీ లేదు. ఫైనల్‌లో ఉన్నవాడికే ముందు హక్కు కూడా. కానీ 2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో ఏమైందో చూడండి. రెండింజన్ల సెస్నా 340 నేరుగా వస్తోంది, చిన్న సెస్నా 152 సర్క్యూట్‌లో తిరుగుతోంది. ఇద్దరూ రేడియోలో మాట్లాడుతూనే ఉన్నారు. పెద్దది ఆ దశలో ఉండాల్సినదానికన్నా చాలా వేగంగా వచ్చింది. వెనక నుంచి దూసుకొస్తోందని గమనించి చిన్నదాని పైలట్ తప్పుకోబోతున్నానని చెప్పాడు, అంతలోనే రెండూ ఢీకొన్నాయి. ముగ్గురు చనిపోయారు.

తప్పనిసరై నేరుగా రావాల్సి వస్తే, పది మైళ్ల దూరంలోనే చెప్పి, సర్క్యూట్‌లో ఉన్నవాళ్ల వేగానికి దగ్గరగా తగ్గించాలి. బేస్‌లో (డౌన్‌విండ్ నుంచి ఫైనల్‌కి తిరిగే భాగం) ఎవరైనా ఉన్నారని వినపడితే, హక్కు గురించి వాదించుకోకుండా పక్కకు తప్పుకుని 45కి వెళ్లిపోవాలి.