హంగరీలో పది రోజులు: ఎక్కడ దిగితే నాలుగు మాటలు వస్తాయి

రాజధాని బుడాపెస్ట్‌లో ఆరు రాత్రులు, బాలటన్ సరస్సు ఒడ్డున ఉన్న బాలటన్‌ఫ్యూరెద్ అనే ఊళ్లో నాలుగు రాత్రులు గడిపి వచ్చాము. బయలుదేరే ముందు నేనూ మా ఆవిడా నెల రోజుల పాటు రోజుకు అరగంట కూర్చుని హంగేరియన్ పలకరింపులు నేర్చుకున్నాము. ఆ శ్రమ ఎక్కడ ఫలించింది, ఎక్కడ వృథా అయింది అన్నదానిని బట్టే ఈ ఊళ్లను బేరీజు వేస్తున్నాను.

తెలుగువారికి ఈ భాష భయపడవలసినది కాదు. హిందీలో లేని హ్రస్వ ఎకార ఒకారాలు మన నోటికి అలవాటే కనుక, 'యో నొపొత్ కీవానొక్' అనే మర్యాద పలకరింపు రెండో రోజుకే పట్టుబడింది. 'కొసొనొమ్' (ధన్యవాదాలు) అనే మాటలోని అచ్చు మాత్రం మనకు లేదు. ఒకారానికి చుట్టినట్లు పెదవులు చుట్టి, నాలుకను ఎకారం చోట ఉంచాలి. వాక్యం కట్టే తీరు ఇంకా దగ్గర. 'ఇందియాబోల్ యొత్తెమ్' అంటే 'ఇండియా నుంచి వచ్చాను'. విభక్తి మాట చివర అతుక్కుంటుంది, 'నేను' అని విడిగా చెప్పనక్కరలేదు, క్రియ చివరి 'ఎమ్' మన 'ను' చేసే పనే చేస్తుంది. మనం 'ఇంటికి', 'చెట్టుకు' అని ముందున్న అచ్చును బట్టి ప్రత్యయాన్ని మార్చినట్లే, వారూ ఇంట్లో అనడానికి 'హాజ్‌బొన్' అనీ, తోటలో అనడానికి 'కెర్త్‌బెన్' అనీ మారుస్తారు. ఇంగ్లీషు ద్వారా నేర్చుకుంటూ ఇవన్నీ కష్టమనుకున్న నేను, తెలుగులోకి మార్చి చూసుకున్నాక ఊపిరి పీల్చుకున్నాను.

బుడాపెస్ట్‌లో, నదికి తూర్పున ఉన్న పెష్ట్ వైపు ఏడవ వార్డులో మేము దిగిన అపార్ట్‌మెంట్ శుభ్రంగా, మెట్రోకు దగ్గరగా ఉంది. కానీ తాళం చెవి గోడ మీది పెట్టెలో, సూచనలు ఫోనులో, యజమాని ముఖమే చూడలేదు. కాఫీ దుకాణాల్లో నేను హంగేరియన్‌లో మొదలుపెట్టగానే ఇంగ్లీషులో సమాధానం వచ్చేది. 1897 నాటి పెద్ద సంత భవనంలో కూడా పై అంతస్తు జ్ఞాపికల అంగళ్లు అంతే. కింద కూరగాయల దగ్గర కూర్చున్న పెద్దావిడలు మాత్రం 'మెన్యిబె కెరుల్?' (ఎంత?) అని అడిగితే ఓపికగా, తమ భాషలోనే అంకెలు చెప్పారు. దగ్గరలోని సెంతెంద్రె అనే చిన్న ఊరికి నగరంలోని బత్యాని చౌకు నుంచి లోకల్ రైలులో నలభై నిమిషాలు. బొమ్మల వీధులు అందంగా ఉన్నాయి, పూట చాలు, భాష పరంగా దక్కేదేమీ లేదు.

నగరంలో ఒక భోజనశాలలో నాకు గట్టి పాఠమే దొరికింది. 3,800 ఫోరింట్ల బిల్లుకు 5,000 నోటు ఇస్తూ వినయంగా 'కొసొనొమ్' అన్నాను. వెయిటర్ నవ్వి వెళ్లిపోయాడు, చిల్లర రాలేదు. డబ్బు చేతికిస్తూ ఆ మాట అంటే 'మిగిలింది ఉంచుకో' అని అర్థమట! తప్పు నాదే, నేను చూసిన పదాల పట్టిక ఏదీ ఈ సంగతి చెప్పలేదు. ఆ తరువాత 'విస్సొయారోత్ కేరెమ్' (చిల్లర ఇవ్వండి) అని ముందే అనడం అలవాటు చేసుకున్నాను. శాకాహారులకు పనికొచ్చే మాట 'హూష్ నేల్కుల్'. 'మాంసం లేకుండా' అన్న మన మాటల వరసే. ఈ రెండు మాటల మీదే వేయించిన జున్ను, లాంగోష్ రొట్టెలతో పది రోజులు గడిపాము.

బుడాపెస్ట్‌లోని దేలి స్టేషను నుంచి రైలులో రెండు గంటల దూరంలో సరస్సు ఒడ్డున ఉన్న బాలటన్‌ఫ్యూరెద్‌లో పరిస్థితి వేరు. 1926లో రవీంద్రనాథ్ టాగోర్ గుండె చికిత్సకు ఇక్కడికి వచ్చి మొక్క నాటారు. ఒడ్డున నడకదారికి ఆయన పేరే పెట్టారు. 'ఇందియొయి వొద్యొక్' (భారతీయుణ్ణి) అనగానే మా ఇంటి యజమానురాలు చేయి పట్టుకుని ఆ దారి వైపు చూపింది. గది పాతది, స్నానాల గది ఇరుకు, వేడినీళ్లకు కాసేపు ఆగాలి. అయినా ఆవిడకు ఇంగ్లీషు రాకపోవడమే మాకు పెద్ద వసతి అయింది. అతిథుల వివరాలు రాసుకుంటూ 'హొద్య్ హీవ్యాక్?' (మిమ్మల్ని ఏమని పిలుస్తారు?) అని అడిగితే, ఇంటిపేరు ముందు చెప్పి అసలు పేరు తరువాత చెప్పాను. వారి పద్ధతీ అదే! లోకమంతా ఫ్రాంజ్ లిస్ట్ అనే సంగీతకారుడు వారికి లిస్ట్ ఫెరెన్స్. పాస్‌పోర్టులో పేరు తలకిందులవుతుందని విసుక్కునే మా ఆవిడ ఆ రోజు ఎంతో సంతోషించింది.

పక్కింటి పిల్లవాడు మా యజమానురాలిని పేరు చివర 'నేని' చేర్చి పిలిచేవాడు, మనం పిన్నిగారు అన్నట్లు. మళ్లీ వెళితే నగరంలో రెండు రాత్రులు, ఇక్కడ వారం ఉంటాము.

చివరి రోజు ఉదయం ఆవిడే మమ్మల్ని 'సియొ' అని చనువుగా సాగనంపింది. పెద్దవారు ముందుగా అంటే మనమూ అలాగే బదులివ్వవచ్చని చదివాను. కానీ ఆ వయసావిడను నువ్వు అన్నట్లుండే ఆ మాట మా ఇద్దరి నోటా రాలేదు. 'విసొంత్‌లాతాష్రొ' అనే పెద్ద మాటతోనే సెలవు తీసుకున్నాము.