దశాంశాలకు తొలి మెట్టు ఏది మేలు: రూపాయా, గళ్ల కాగితమా, సంఖ్యారేఖా?

0.5, 0.35 – ఈ రెండింటిలో ఏది పెద్దదని ఐదో తరగతి పిల్లవాడిని అడిగితే, తడుముకోకుండా 0.35 అన్నాడు. ఐదు కంటే ముప్పై ఐదు పెద్దది కదా అన్నది అతడి వాదన. బిందువుకు కుడివైపున్న అంకెలను అతడు మరో పూర్ణసంఖ్యగా చదువుతున్నాడు. దశాంశాన్ని ఏ రూపంలో చూపితే ఈ అలవాటు వదులుతుందన్నదే నా దృష్టిలో ఈ పోలికకు గీటురాయి.

మన తరగతి గదుల్లో ముందుగా నోటికి వచ్చే ఉదాహరణ రూపాయి. 1957 ఏప్రిల్ 1న పదహారు అణాల లెక్క పోయి రూపాయికి వంద పైసలు వచ్చాక, దశాంశ పాఠానికి ఇంతకంటే దగ్గరి దారి లేదని అందరూ అనుకున్నారు. ఆ రోజుల్లో అది నిజమే కావచ్చు. పావలా, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయాయి కనుక, నేటి పదేళ్ల పిల్లకు పది పైసల బిళ్ల ఊహలోని వస్తువే. అంతకంటే లోతైన చిక్కు మరొకటి ఉంది. పిల్లల మనసులో రూపాయలు, పైసలు వేర్వేరు వస్తువులు. బిందువు వాటి మధ్య గోడ. మూడు రూపాయల ఐదు పైసలు రాయమంటే 3.5 అని రాస్తారు. దాన్ని 3.05గా దిద్దితే ఆ సున్నా ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతారు. పది పైసలను రూపాయిలో పదో వంతుగా లెక్కించే అలవాటు ఎవరికీ లేదు కాబట్టి ఆ ప్రశ్నకు డబ్బు భాషలో జవాబు దొరకదు. క్రికెట్ స్కోరు ఈ గందరగోళానికి ఇంకాస్త తోడవుతుంది: 4.3 ఓవర్లంటే నాలుగు ఓవర్ల మూడు బంతులు, 4.5 తర్వాతి బంతికి 5 ఓవర్లు పూర్తి. అక్కడి బిందువు దశాంశ బిందువే కాదు.

ఆ సున్నాకు గళ్ల కాగితం జవాబు చెబుతుంది. లెక్కల నోటుపుస్తకంలో పది గళ్ల పొడవు, పది గళ్ల వెడల్పుతో ఒక చదరం గీసి దాన్ని 1 అనుకుంటే, ఒక నిలువు వరుస 0.1, ఒక్క గడి 0.01 అవుతుంది. 0.5కు ఐదు వరుసలకు రంగు వేయించి, పక్క చదరంలో 0.35కు మూడు వరుసలు, ఐదు గళ్లు నింపించి చూపితే, ఏది పెద్దదో ఉపాధ్యాయుడు నోరు విప్పనవసరం లేదు. 0.5, 0.50 ఒకటేనన్నది కూడా అదే బొమ్మలో తేలుతుంది. 3.05లో సున్నా అంటే మూడు చదరాల తర్వాత నిండు వరుస ఒక్కటీ లేదని అర్థం. అయితే, ముప్పై ఐదు గళ్లనూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టే పిల్లలకు ఈ మేలు దక్కదు. ముందు వరుసలు, తర్వాతే గళ్లు అన్న నియమాన్ని పట్టుబట్టి పాటింపజేయాలి. వెయ్యో వంతు దగ్గర ఈ కాగితం చేతులెత్తేస్తుంది.

గళ్ల కాగితం ఆగిన చోట సంఖ్యారేఖ పనికొస్తుంది. జామెట్రీ బాక్సులోని స్కేలుతో పెన్సిల్ కొలిస్తే 7.4 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. 7.4కు, 7.5కు మధ్య ఖాళీని బోర్డు మీద పెద్దదిగా గీసి మళ్లీ పది భాగాలు చేస్తే 7.43 ఎక్కడుందో దొరుకుతుంది. ఆ పని ఇంకా ఇంకా చేయవచ్చన్న సంగతి డబ్బులోనూ గళ్లలోనూ ఇంత స్పష్టంగా కనిపించదు. కాకపోతే ఖాళీలకు బదులు గీతలు లెక్కపెట్టడం, సున్నా వదిలి 1 దగ్గర నుంచి కొలవడం ఇక్కడ పదే పదే ఎదురయ్యే తప్పులు. అందుకే తొలి రోజున దీన్ని చేతికివ్వకూడదంటాను.

స్థాన విలువ పట్టిక సంగతి వేరు. 2.5కు 0.35 కలిపేటప్పుడు అంకెలు వరుస తప్పకుండా అది కాపాడుతుంది గాని, పదో వంతు ఎంత ఉంటుందో చూపదు.

కాబట్టి నా వరుస ఇది: మొదట గళ్ల కాగితం, ఆపైన సంఖ్యారేఖ, కూడికల వేళకు పట్టిక, అన్నీ అయ్యాక రూపాయి. చివర్లో రూపాయి మంచి పరీక్షగా పనిచేస్తుంది. 0.4కు నాలుగు వరుసలు సరిగ్గా నింపిన పిల్లను 0.4 రూపాయి ఎన్ని పైసలని అడగండి. నలభై అంటే ముందుకు వెళ్లవచ్చు. నాలుగంటే మరో చదరం గీయించాలి.