ఫిట్స్ ఫైళ్లకు ఎఫ్‌వీ: చూడ్డానికి పాతదే గానీ...

టెలిస్కోపు కెమెరాలు బొమ్మలనూ కొలతలనూ దాచే ఫైళ్లను ఫిట్స్ అంటారు; వాటిని తెరిచి చూపించే ప్రోగ్రాం ఎఫ్‌వీ. మా కాలేజీ ల్యాబ్‌లో దీన్ని మొదటిసారి తెరిచి చూపించగానే వెనక బెంచీ నుంచి వచ్చిన మాట: "ఏటి సార్ ఇది, విండోస్ 95లా ఉంది!" ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. బూడిద రంగు కిటికీలు, చిన్న చిన్న బటన్లు. కానీ టెలిస్కోపు ఫైలు లోపల ఏముందో దాచకుండా చూపించే పనిముట్టు కావాలంటే నేను ఇప్పటికీ దీన్నే చెబుతాను.

ఎఫ్‌వీని నాసా గోడార్డ్ కేంద్రంలో ఖగోళ డేటా భద్రపరిచే హీసార్క్ విభాగం వాళ్లు ఉచితంగా ఇస్తారు. విండోస్, మాక్, లినక్స్ మూడింటికీ ఉంది. ఫైలు తెరిస్తే ముందు బొమ్మ రాదు, జాబితా వస్తుంది: ఏ భాగం బొమ్మ, ఏది పట్టిక, కొలతలెంత అని. పక్కనే హెడర్ (ఫైలు గురించిన వివరాలు రాసిన వరుసలు), ఇమేజ్, టేబుల్ బటన్లు. బొమ్మకు కూడా టేబుల్ నొక్కితే పిక్సెళ్లన్నీ అంకెలుగా పరుచుకుంటాయి, వెలుగు ఎక్కువైన చోట అంకె పెద్దది. విశాఖ ఆకాశం ఎంత పాడైందో పిల్లలకు ఉపన్యాసం ఇచ్చేకన్నా ఇది చూపించడం తేలిక. ఎంవీపీ కాలనీలో మా డాబా మీద తీసిన ఫ్రేమునూ, అరకులో అదే కెమెరాతో, అదే ఎక్స్‌పోజరుతో తీసిన ఫ్రేమునూ పక్కపక్కన తెరిచాను. నక్షత్రాలు లేని మూలలోని అంకెలు చూసి వాళ్లే నోరెళ్లబెట్టారు. పోర్టు దీపాలు, సముద్రపు తేమ అన్నీ ఆ గళ్లలోనే ఉన్నాయి మరి.

దీని అసలు బలం హెడర్ దిద్దడంలో ఉంది. ఒక్కో వరుసకు 80 అక్షరాలు, పంచ్ కార్డుల కాలపు లెక్క. అలాంటి 36 వరుసలు కలిస్తే 2880 బైట్ల ఒక బ్లాకు. డేట్-ఆబ్స్ (ఫ్రేము తీసిన సమయం) అనే వరుసలో యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం ఉండాలి. కెమెరా నడిపే ల్యాప్‌టాప్ ఒక్కోసారి మన గడియారం టైమునే రాసేస్తుంది. 15వ తేదీ తెల్లవారుజాము 2 గంటలకు తీసిన ఫ్రేము నిజానికి 14వ తేదీ 20:30 కావాలి. గ్రహశకలం స్థానం లెక్కకట్టేవాడికి ఈ అయిదున్నర గంటలు చాలు, కొంప మునగడానికి. ఎఫ్‌వీలో ఆ వరుసలోనే దిద్ది, ఎంటర్ కొట్టి, సేవ్ చేస్తే సరి.

అయితే చెయ్యి దురద ఉన్నవాళ్లు జాగ్రత్త. హెడర్‌లో బీజీరో అనే వరుస ఎదురుగా 32768 అని కనబడితే "ఇదేదో చెత్త" అని తీసేయకండి. 16 బిట్ల కెమెరా అంకెలను ఫిట్స్‌లో పెట్టాలంటే అంత తీసేసి దాస్తారు, చదివేటప్పుడు మళ్లీ కలుపుతారు. ఆ వరుస పోతే 1500 ఉండాల్సిన పిక్సెల్ మైనస్ 31268 అయి కూర్చుంటుంది. ఏ మార్పు చేసినా కాపీ మీదే చేయండి.

పట్టికలకు కూడా పనికొస్తుంది. 2015లో ఇస్రో పంపిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహపు ఎక్స్-కిరణాల ఈవెంట్ ఫైలును ఇందులో తెరిస్తే వరుసకో ఫోటాన్ (వెలుగు కణం), ఎదురుగా అది తగిలిన సమయం. ఆ టైమ్ కాలమ్‌కు హిస్టోగ్రామ్ గీయిస్తే వెలుగు హెచ్చుతగ్గులు తెలిసిపోతాయి, ఒక్క లైను ప్రోగ్రాం రాయకుండా.

బొమ్మ అందంగా చూడాలంటే మాత్రం డీఎస్9 అనే మరో ప్రోగ్రాం దగ్గరికి వెళ్లాల్సిందే. మసక నెబ్యులాను వెలుగు పెంచి చూపించడంలో ఎఫ్‌వీ దాని కాలి గోటికి కూడా సరిపోదు. నేను రెండూ పక్కపక్కనే ఉంచుకుంటాను. పైథాన్ వచ్చినవాళ్లకు ఇంకో మాట: ఎఫ్‌వీలో పిక్సెళ్ల లెక్క 1 నుంచి మొదలవుతుంది, పైథాన్‌లో సున్నా నుంచి. పైగా అడ్డం, నిలువు తారుమారు.

మా విద్యార్థిని ఒకమ్మాయి ఆబ్జెక్ట్ (ఫ్రేములో ఉన్నదాని పేరు) వరుసలో తెలుగులో "కృత్తిక" అని రాయబోయింది. కుదరదు. హెడర్‌లో ఆస్కీ అక్షరాలే, అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులే ఉండాలన్నది ఫిట్స్ నియమం, ఆ కోపం ఎఫ్‌వీ మీద చూపించకండి.