పోలీస్ స్టేషనా, లోకల్ కమిటీనా?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి మన ఆడవాళ్లు విశాఖకో హైదరాబాదుకో ఇంటిపనికి వెళ్తుంటారు. ఆ ఇంట్లో మగవాడు చెయ్యి వేస్తే ఎక్కడికి వెళ్లాలి? దారులు రెండు.

పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ఇంటిపని చేసే మహిళకూ వర్తిస్తుంది, ఆమెకు ఆ ఇల్లే పని ప్రదేశం. ఆ ఫిర్యాదులు తీసుకోవడానికి జిల్లాకో లోకల్ కమిటీ ఉండాలి, ఆమెకు రాయడం రాకపోతే ఫిర్యాదు రాయడానికి వాళ్లే సాయం చేయాలి. కానీ గడువు 3 నెలలే (సరైన కారణం చూపితే ఇంకో 3). పైగా ఫిర్యాదు వెళ్లాల్సింది పనిచేసిన జిల్లా కమిటీకి. జీతం ఎగ్గొట్టి, ఫోన్ లాక్కున్న ఇంటి నుంచి ఎలాగో తప్పించుకుని ఊరు చేరిన మనిషిని మళ్లీ అక్కడికే వెళ్లమంటే ఎంత అన్యాయం! అంతా చేశాక కూడా, ప్రాథమికంగా ఆధారం కనిపిస్తే కమిటీ దాన్ని 7 రోజుల్లో పోలీసులకే పంపాలి.

అందుకే బలవంతం, అత్యాచారం జరిగితే నేరుగా పోలీసుల దగ్గరికే వెళ్లమంటాను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) ప్రకారం జీరో ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేయించవచ్చు. నేరం విశాఖలో జరిగినా రాయగడ స్టేషన్ తీసుకోవాల్సిందే, "అక్కడికే పో" అనడానికి వీల్లేదు. వాంగ్మూలం మహిళా అధికారే రాసుకోవాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం. ప్రైవేటు ఆసుపత్రైనా సరే, అత్యాచార బాధితురాలికి వెంటనే డబ్బు తీసుకోకుండా వైద్యం చేయాలి.

వెకిలి మాటలు, వెంటపడటం లాంటివాటికి, అదీ స్టేషన్ అంటేనే టెన్షన్ పడే అమ్మాయికి, కమిటీ మేలు. ఎటు వెళ్లాలో తేలకపోతే ముందు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయించండి.