గవర్నరుపేటలో ఒక కంప్యూటర్ సర్వీసు సెంటర్: తెరుచుకోని టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ను బాగుచేసిన తీరు

పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు అచ్చువేసే మా ప్రెస్‌కు ఇటీవల విండోస్ 11 ఉన్న కొత్త కంప్యూటర్ కొన్నాం. ఏళ్ల తరబడి వాడుతున్న తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ అందులో ఇన్‌స్టాల్ అయితే అయింది గాని, ఐకాన్‌పై ఎంత నొక్కినా తెరుచుకోలేదు. ఒక దుకాణం వారు ఫోనులోనే “యాంటీవైరస్ మొత్తం తీసేయండి” అన్నారు. రోజూ ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు పెట్టే కంప్యూటర్‌కు చెప్పవలసిన సలహా కాదది. దానితో విజయవాడ గవర్నరుపేటలోని ఒక చిన్న సర్వీసు సెంటర్‌కు వెళ్లాం.

అక్కడి టెక్నీషియన్ దేనినీ ఆపకుండా, ఏ రక్షణ అడ్డుపడుతోందో ముందు కనిపెట్టారు. మా సాఫ్ట్‌వేర్ యూఎస్‌బీ డాంగిల్ (తాళంచెవిలా కంప్యూటర్‌కు తగిలించే చిన్న పరికరం) ఉంటేనే పనిచేస్తుంది. ఆ డాంగిల్‌ను విండోస్ గుర్తించడానికి సీడీలో ఇచ్చిన డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ చాలా పాతది. విండోస్ సెక్యూరిటీలోని కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, దానికి పొసగని డ్రైవర్లను విండోస్ లోడ్ కానివ్వదు. డ్రైవర్ లేనిదే డాంగిల్ కనిపించదు, డాంగిల్ కనిపించనిదే సాఫ్ట్‌వేర్ కదలదు. ఆ సెట్టింగ్‌ను ఆఫ్ చేసి రీస్టార్ట్ చేస్తే తేలికగా అయిపోయేదే. అయినా ఆయన పాత డ్రైవర్‌ను తొలగించి, డాంగిల్ తయారీదారుల వెబ్‌సైట్ నుంచి కొత్తది తెచ్చి వేశారు. మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉండగానే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది.

అంతటితో వదిలిపెట్టకుండా ఒక పేజీ టైపు చేసి సేవ్ చేయబోతే, డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో సేవ్ కాలేదు. విండోస్ సెక్యూరిటీ దేన్ని ఆపిందో చూపే ప్రొటెక్షన్ హిస్టరీ తెరిచి చూస్తే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ నుంచి వాటిని కాపాడే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆపినట్లు కనిపించింది. మామూలుగా ఆఫ్‌లో ఉండే ఈ సెట్టింగ్‌ను కంప్యూటర్ అమ్మినవారు ఆన్ చేసి ఇచ్చారు. దానిని అలాగే ఉంచి, మా ప్రోగ్రామ్ ఒక్కదానికే అనుమతి ఇచ్చారు. నన్ను ఎక్కువగా మెప్పించింది ఈ పరీక్షే. తెరుచుకోగానే డబ్బు తీసుకుని పంపించేవారే ఎక్కువ.

లోపాలు లేకపోలేదు. బిల్లుపై ‘సాఫ్ట్‌వేర్ సర్వీస్’ అని తప్ప ఏయే సెట్టింగ్ మార్చారో రాయలేదు. అడిగాకే వెనుకవైపు రాసి ఇచ్చారు. మన చోటికి వచ్చి చేయరు, ఆ సందులో బండి నిలపడమూ కష్టమే. ఇలాంటి పనికి వెళ్లేవారు సీపీయూతో పాటు డాంగిల్‌నూ, ఇన్‌స్టాలేషన్ సీడీనీ తప్పక తీసుకువెళ్లాలి. అవి లేకపోతే సాఫ్ట్‌వేర్ నడుస్తోందో లేదో అక్కడ పరీక్షించడం కుదరదు.