గాలీ: విప్పితే తెలియనిది, నడిపితే తెలిసింది

ఏ వస్తువైనా విప్పి చూస్తే గుట్టు తెలుస్తుందని చిన్నప్పటి నుంచీ నమ్మిన మనిషిని నేను. గోడ గడియారంతో మొదలైంది ఆ అలవాటు. అందుకే దేన్నైనా దాని భాగాలతోనే వివరించవచ్చనే రిడక్షనిజం నాకు ఒక వాదంలా కాదు, ఇంగితజ్ఞానంలా అనిపించేది. మూడు నెలలుగా 'గాలీ' అనే ఉచిత కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడాక ఆ ధీమా సడలింది.

ఇందులో నేను ఆడేది గేమ్ ఆఫ్ లైఫ్. గణితవేత్త జాన్ కాన్వే కనిపెట్టిన ఈ ఆట 1970లో లోకానికి తెలిసింది. గళ్ల పలక మీద ప్రతి గడీ బతికైనా ఉంటుంది, ఖాళీగానైనా ఉంటుంది. ఒక్కో అడుగుకీ, అంటే ఒక్కో తరానికీ, అన్ని గళ్లకూ ఒకే నియమం: బతికున్న గడి చుట్టూ ఉండే 8 గళ్లలో 2 గానీ 3 గానీ బతికుంటే అది నిలుస్తుంది, లేకపోతే పోతుంది. ఖాళీ గడి చుట్టూ సరిగ్గా 3 ఉంటే అక్కడ కొత్తది పుడుతుంది. అంతే.

ముందు గ్లైడర్ అనే 5 గళ్ల ఆకారం పెట్టి ఒక్కో అడుగే నడిపాను. 4 తరాలకోసారి అదే ఆకారం ఒక గడి ఐమూలగా జరుగుతోంది. కదలడం అన్న మాటే నియమాల్లో లేదు. ఏ గడీ కదలదు కూడా, ఉన్నచోటే పుట్టి ఉన్నచోటే పోతుంది. అయినా కదిలే గ్లైడర్ కళ్ల ముందే ఉంది! విడి భాగాల్లో లేని గుణం అవి కలిస్తే పుట్టుకొస్తుందనే ఎమర్జెన్స్‌ను మాయమాట అని కొట్టిపారేసేవాణ్ణి. ఆ రాత్రి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

తర్వాత ఆర్-పెంటోమినో. ఇదీ 5 గళ్లే. కాగితం మీద తేల్చుదామని కూర్చుంటే పదో తరానికే లెక్క తప్పింది. గాలీలో 1103 తరాలకు 116 గళ్లతో కుదుటపడింది, వాటిలో 6 గ్లైడర్లు దూరంగా వెళ్లిపోతూనే ఉన్నాయి. అంతకుముందు ఫోన్లో వాడిన ఒక యాప్‌లో ఈ లెక్క ఎప్పుడూ రాలేదు. గ్రిడ్ చిన్నది, గ్లైడర్లు అంచుకు తగిలి చెడిపోయేవి. గాలీలో అంచు అడ్డు రాదు. అన్నిటికన్నా నాకు నచ్చింది అదే.

అన్నిటినీ మూల నియమాలకు కుదించగలిగినంత మాత్రాన వాటి నుంచి లోకాన్ని తిరిగి కట్టలేమని భౌతిక శాస్త్రవేత్త ఫిలిప్ ఆండర్సన్ 1972లో వాదించారు. రిడక్షనిజాన్ని ఆయన తోసిపుచ్చలేదు, నేనూ తోసిపుచ్చను. గ్లైడర్‌లో ఆ నియమాలను దాటింది ఏదీ లేదు. కానీ ఈ ఆటలో కంప్యూటర్లే కట్టినవాళ్లు గళ్లతో ఆలోచించలేదు. గ్లైడర్ వస్తే 1, రాకపోతే 0 అనుకుని కట్టారు.

ఒక్క సలహా. హ్యాష్‌లైఫ్ అనే వేగం పెంచే పద్ధతిని మొదటి రోజే ఆన్ చేయకండి. అది తరాలను గుంపులుగా దాటేస్తుంది, గ్లైడర్ నడక మీకు కనబడదు.