శ్రీశైలం దారిలో డబ్‌డబ్: ఎస్టిమేటు 9,800, అసలు పని 150

దర్శనం గంటన్నరలో అయింది. సత్రంలో గది 1,000, వేడినీళ్లు బక్కెట్లలో తెచ్చిచ్చారు, పాతాళగంగ రోప్‌వే దగ్గర జనం లేరు. శ్రీశైలం గురించి ఇంతే. మిగతాదంతా హైదరాబాదు నుంచి వెళ్తూ తుక్కుగూడ దాటిన పది కిలోమీటర్లకే కారులో మొదలైన చప్పుడు గురించి.

బండి పెట్రోల్ స్విఫ్ట్, టైర్లు 165/80 ఆర్ 14. స్పీడు పెంచితే డబ్‌డబ్ కూడా పెరుగుతోంది, తగ్గిస్తే తగ్గుతోంది. స్టీరింగ్ పట్టుకున్న బావగారు పాటల సౌండు పెంచేశారు. వెనక సీట్లో అత్తయ్య మాత్రం "నా సీటు కిందనుంచే కొడుతోంది" అని మూడుసార్లు చెప్పింది. వినుంటే రెండు గంటలు మిగిలేవి. ముందు చక్రంలో తేడా ఉంటే స్టీరింగ్‌లో తెలుస్తుంది, వెనక చక్రంలో ఉంటే సీట్లో తెలుస్తుంది. అందుకే ఇలాంటి చప్పుడు వచ్చినప్పుడు డ్రైవరు కాక ఇంకొకరు సీట్లు మారి కూర్చుని చూడాలి.

కల్వకుర్తి దాకా వెళ్లకముందే, రోడ్డు పక్కన పెద్ద బోర్డున్న వర్క్‌షాపులో ఆపాం. కుర్రాడు బండిని గతుకుల్లో ఓ చుట్టు తిప్పుకొచ్చి ముందు సస్పెన్షన్‌లో లింక్ రాడ్లు, లోయర్ ఆర్ములు పోయాయని తేల్చాడు. కూలితో కలిపి 9,800, బండి రేపు సాయంత్రం. గతుకుల్లో నడిపితే యాభైవేలు తిరిగిన ఏ బండైనా ఎక్కడో ఓచోట లొటలొటమంటుంది. లింక్ రాడ్డో, బుష్షో, షాకరో పోతే చప్పుడు గుంతలో పడ్డప్పుడు వస్తుంది, నున్నటి తారురోడ్డు మీద ఆగిపోతుంది. మాది కొత్తగా వేసిన తారు మీద కూడా ఆగలేదు. ఆ ఒక్క ముక్క చాలు, సస్పెన్షన్ జోలికి పోనక్కర్లేదని చెప్పడానికి. చూసినందుకంటూ 300 తీసుకున్నారు, అదింకా మండుతోంది.

ఇంకో లెక్క ఉంది. ఈ సైజు టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 1.9 మీటర్లు కదులుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు మూడు చుట్లు. ఫోన్‌లో పది సెకన్లు రికార్డు చేసి దెబ్బలు లెక్కపెట్టండి. 28 నుంచి 30 వస్తే చుట్టుకో దెబ్బ, అంటే తేడా చక్రంతో పాటు తిరిగేదాన్లోనే ఉంది. వేగం 40 దాటితే దెబ్బలు కలిసిపోయి లెక్కకు అందవు. తర్వాత ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద (ఘాట్‌లో కాదు) 40లో న్యూట్రల్ చెయ్యండి. చప్పుడు అలాగే ఉంటే ఇంజను, గేరుబాక్సు వైపు చూడక్కర్లేదు. చక్రం బేరింగ్ పోతే దెబ్బలుండవు, మూలుగుతుంది, మలుపుల్లో ఆ మూలుగు మారుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టకటకమంటే సీవీ జాయింట్, అంటే ముందు చక్రాన్ని తిప్పే ఇరుసు కీలు. సిమెంటు రోడ్డు అతుకుల దగ్గర వచ్చే టక్‌టక్ రోడ్డుది, దాని గురించి కంగారు పడకండి. వీటన్నిటికన్నా ముందు రెండు పనులున్నాయి. డిక్కీలో జాకీ, స్టెప్నీ వదులుగా ఉన్నాయేమో చూడాలి, వీల్ నట్లు బిగువుగా ఉన్నాయో లేదో రాడ్డు వేసి చూడాలి. నట్లు వదులైతే ఇదే చప్పుడు వస్తుంది, చక్రమే ఊడిపోతుంది.

హాజీపూర్ చౌరస్తా దగ్గర పంక్చర్ షాపు పెద్దాయన ఇవేవీ అడగలేదు. నేల మీద పడుకుని వెనక ఎడమ టైరు లోపలివైపు చెయ్యి పెట్టి తడిమాడు. గేరులో వేయించి ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టించాడు, వెనక ఎడమవైపు జాకీ ఎత్తి హ్యాండ్‌బ్రేక్ తీయించాడు. టైరుకి మిల్లీమీటరు దూరంలో సుద్దముక్క కదలకుండా పట్టుకుని చక్రం తిప్పితే ఒక్కచోటే గీత పడింది. లోపలి గోడ మీద నిమ్మకాయంత ఉబ్బు. గుంత అంచుకు కొట్టుకున్నప్పుడు లోపలి దారాలు తెగుతాయి, గాలి అక్కడ రబ్బరును బయటికి తోస్తుంది. బయటినుంచి చూస్తే టైరు కొత్తదానిలా ఉంటుంది. దానికి ప్యాచీ లేదు, బ్యాలెన్సింగ్ చేయించినా ఉబ్బు పోదు, ఎప్పుడు పేలుతుందో చెప్పలేం. ఎక్కువ రోజులు నిలబెట్టిన బండిలోనూ ఇలాంటి చప్పుడే వస్తుంది గానీ, టైరు వేడెక్కాక పదిహేను ఇరవై కిలోమీటర్లలో పోతుంది.

స్టెప్నీలో గాలి 18 ఉంది. 33 పట్టి బిగించాడు, నట్లు ఎదురెదురుగా, చివరి బిగింపు చక్రం నేల మీద ఆనాక. మొత్తం 150. చప్పుడు పోయింది, బావగారు మాట్లాడలేదు, అత్తయ్య అందరికీ టీ ఇప్పించింది.

ఈ పని మన్ననూరు చెక్‌పోస్టుకు ముందే చేసుకోండి. ఆ తర్వాత నల్లమల అడవి, చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు వేసేస్తారు. స్టెప్నీ మీద 80 దాటకండి. దాని వయసు కూడా చూడండి: టైరు గోడ మీద DOT అని ఉన్న వరుసలో చివరి నాలుగంకెలు 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. వాడకపోయినా రబ్బరు ముదురుతుంది.

హైదరాబాదులో వెనక రెండూ మార్చాం, ఒక్కోటి 4,650, ఫిట్టింగు బ్యాలెన్సింగు కలిపి 500. పాతవాటికి షాపువాళ్లు జతకి 400 ఇస్తామన్నారు. ఉబ్బినదాన్ని మాత్రం మా ముందే బ్లేడుతో కోయించాం, లేకపోతే సెకండ్ హ్యాండ్‌లో ఇంకెవరి బండికో ఎక్కుతుంది.